శుభలేఖ లోపల ఉండని జాబితా: పంపిన ఈమెయిల్‌లో బీసీసీ చిరునామాలు ఎక్కడ దొరుకుతాయి

గుంటూరు మిర్చి యార్డు మీద ఆధారపడి నడిచే ఒక ఎగుమతి కార్యాలయాన్ని తీసుకుందాం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు సరుకు పోటెత్తే రోజులు. సాయంత్రమయ్యేసరికి మిర్చి రకాల్లో తేజ ఎంత పలికింది, 341 ఎంత, 334 ఎంత, తాలు కాయ ఎంత అన్న రేట్ల పట్టీ తయారవుతుంది. చెన్నై, ముంబై కొనుగోలుదారులకూ, కొలంబో, ఢాకా, కౌలాలంపూర్ వ్యాపారులకూ దాన్ని ఒకే ఈమెయిల్‌గా పంపుతారు. అది ఎవరెవరికి వెళ్లిందో వారిలో ఒకరి సంగతి మరొకరికి తెలియకూడదు. తెలిస్తే బేరం చెడుతుంది, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ఖాతాదారుల చిట్టా పోటీ దుకాణం చేతిలో పడుతుంది. అందుకే గుమస్తా 'టు' గడిలో సొంత కార్యాలయం చిరునామా వేసి, మిగిలిన నలభై చిరునామాలనూ అందుకున్నవారికి కనిపించని 'బీసీసీ' గడిలో పెడతాడు.

రెండు నెలల తర్వాత ఒక కొనుగోలుదారు, ఫలానా రోజు రేటు తమకు రానే లేదని, వచ్చి ఉంటే ఆ రోజే రెండు వందల టిక్కీలు (మిర్చి బస్తాలు) తీసుకునేవాళ్లమని అంటాడు. గుమస్తా పంపిన ఉత్తరాలుండే సెంట్ ఫోల్డర్ తెరుస్తాడు. ఆ తేదీన ఉత్తరం ఉంది. ఎవరికి పంపినట్లు అని చూస్తే, జాబితాలో కనిపించేది సొంత కార్యాలయం పేరే. కొనుగోలుదారు చిరునామాతో వెతికితే ఏమీ రాదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, బీసీసీలో పెట్టిన చిరునామాలు ఎక్కడా మిగలవేమో అనుకుంటారు. ఎక్కువ సందర్భాల్లో అవి అక్కడే, అదే ఉత్తరంలో ఉంటాయి. కొన్ని సందర్భాల్లో మాత్రం నిజంగానే ఉండవు. ఈ రెండింటికీ తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే బీసీసీ అనేది అసలు ఏమి చేస్తుందో కాస్త లోతుగా చూడాలి.

పేరు టైపు మిషను కాలం నాటిది. విజయవాడ గవర్నరుపేటలోనైనా గుంటూరు బ్రాడీపేటలోనైనా టైపు నేర్చుకున్న పాతతరం వారికి కార్బన్ కాగితం కొత్త కాదు. తెల్ల కాగితాల మధ్య నల్ల కాగితాలు పెట్టి ఒకే దెబ్బకు మూడు నాలుగు ప్రతులు తీసేవారు. ఉత్తరం ఎవరికి రాశారో వారికే కాక మరొకరికి కూడా ప్రతి పంపితే, ఆ సంగతి అడుగున రాసేవారు. అది సీసీ, అంటే కార్బన్ కాపీ. ప్రతి పంపిన సంగతి అసలు గ్రహీతకు తెలియకూడదనుకుంటే, పైనున్న అసలు కాగితాన్ని తీసేసి, ఆ పేరును నకళ్ల మీద మాత్రమే కొట్టేవారు. అది బీసీసీ, అంటే బ్లైండ్ కార్బన్ కాపీ. ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. బయటికి వెళ్లే అసలు ఉత్తరంలో ఆ పేరు ఉండదు, కార్యాలయం దస్త్రంలో దాచుకునే నకలు మీద మాత్రం ఉంటుంది. ఎవరికి పంపామో రేపు మనకే గుర్తుండాలి కదా! ఈమెయిల్‌కు కూడా ఈ ఏర్పాటే వచ్చింది. రహస్య గ్రహీతల జాబితాకు ఉన్న ఇల్లు పంపినవారి నకలు ఒక్కటే. దాన్ని మరెక్కడ వెతికినా దొరికేది ఆనవాళ్లే తప్ప జాబితా కాదు.

ఈమెయిల్ ప్రయాణాన్ని శుభలేఖతో పోలిస్తే విషయం సులువుగా తెలుస్తుంది. కార్డు లోపల అచ్చువేసినది అందరికీ ఒకటే. పైన కవరు మీద ఉండేది ఒక్క ఇంటి పేరు. మొత్తం ఎన్ని ఇళ్లకు శుభలేఖలు వెళ్లాయన్నది పెళ్లివారి నోటు పుస్తకంలో ఉంటుంది, కార్డును ఎన్నిసార్లు తిరగేసినా అందులో కనిపించదు. ఈమెయిల్‌లోనూ కవరు వేరు, లోపలి కాగితం వేరు. 1982 ఆగస్టులో వచ్చిన రెండు ఆర్ఎఫ్‌సీలు, అంటే ఇంటర్నెట్ పద్ధతులను నిర్దేశించే పత్రాలు, ఈ విభజనను స్థిరపరిచాయి. జాన్ పోస్టెల్ రాసిన ఆర్ఎఫ్‌సీ 821 ఉత్తరాన్ని సర్వర్ నుంచి సర్వర్‌కు చేర్చే పద్ధతిని, డేవిడ్ క్రాకర్ రాసిన ఆర్ఎఫ్‌సీ 822 ఉత్తరం లోపలి రూపాన్ని చెప్పాయి. ఉత్తరం పంపేటప్పుడు ప్రోగ్రాం ముందుగా సర్వర్‌కు పంపేవారి చిరునామా చెబుతుంది. ఆ తర్వాత గ్రహీతల చిరునామాలను ఒక్కొక్కటిగా చదివి వినిపిస్తుంది. ఇదంతా కవరు. ఆ పైనే 'ఇదిగో ఉత్తరం' అని లోపలి కాగితాన్ని అందిస్తుంది. 'టు', 'సీసీ' అని మనకు తెర మీద కనిపించే వరసలు ఈ లోపలి కాగితం మీద ఉండేవి. సర్వర్ బట్వాడా చేసేది కవరు చూసి. కాబట్టి లోపలి కాగితం మీద పేరు లేకపోయినా ఉత్తరం చేరుతుంది. బీసీసీ చేసే పని ఇంతే: ఆ చిరునామాలను కవరు మీద రాసి, లోపలి కాగితం మీద రాయకుండా వదిలేస్తుంది.

ప్రమాణాలు ఇక్కడ కొంత వెసులుబాటు ఇచ్చాయి. 2008లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 5322 బీసీసీకి మూడు పద్ధతులు చెబుతుంది. మొదటిది, బీసీసీ వరసను తీసేసి అందరికీ ఒకే ఉత్తరం పంపడం. రెండోది, 'టు', 'సీసీ' గ్రహీతలకు ఆ వరస లేని ప్రతిని, రహస్య గ్రహీతలకు ఆ వరస ఉన్న ప్రతిని విడిగా పంపడం. మూడోది, ఖాళీ బీసీసీ వరస ఉంచి, ఎవరికో రహస్య ప్రతి వెళ్లిందని సూచించడం. మామూలుగా వాడే ప్రోగ్రాంలలో ఎక్కువగా నడుస్తున్నది మొదటి పద్ధతి. అందుకే అందుకున్నవారి దగ్గర బీసీసీ జాబితా కోసం వెతకడం వృథా ప్రయాస. దాచి ఉంచినదైతే తవ్వి తీయవచ్చు. వారికి పంపిన కాగితం మీద అది అసలు రాయనే లేదు.

ఇక పంపినవారి నకలు. థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాం వాడేవారు సెంట్ ఫోల్డర్‌లోని జాబితాను చూసి ఆగిపోకుండా ఉత్తరాన్ని తెరవాలి. పై భాగంలో 'టు' కింద బీసీసీ అనే వరస కనిపిస్తుంది. నలభై చిరునామాలు ఉంటే అన్నీ ఒకేసారి చూపదు, కొన్ని చూపి మిగిలినవి ఇన్ని ఉన్నాయని ఒక అంకె వేస్తుంది. ఆ అంకె మీద నొక్కితే పూర్తి జాబితా విచ్చుకుంటుంది. వీక్షణ మెనూలో హెడర్లు, అంటే ఉత్తరం పైనుండే వివరాల వరసలు, అన్నీ చూపమని ఎంచుకోవచ్చు. ఇంకా అనుమానం తీరకపోతే కంట్రోల్, యు మీటలు కలిపి నొక్కితే ఉత్తరం మూలరూపం తెరుచుకుంటుంది. ఏ అలంకరణా లేని ఆ అక్షరాల గుంపులో బీసీసీ అన్న మాట దగ్గర మొదలై, పొడవును బట్టి కింది వరసల్లోకి మడతపడుతూ చిరునామాలు ఉంటాయి. ఉందా లేదా అన్నది తేల్చేది ఈ మూలరూపమే. పైన కనిపించేవన్నీ ప్రోగ్రాం తనకు తోచినట్టు అమర్చి చూపే బొమ్మ.

వెతుకులాటలో ఎక్కువమంది దారి తప్పేది మరోచోట. గుమస్తా కొనుగోలుదారు చిరునామాతో వెతికినప్పుడు ఏమీ రాకపోవడానికి కారణం చాలాసార్లు వెతికిన గడి. థండర్‌బర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ నొక్కితే వచ్చే వెతుకుడు కిటికీలో 'టు లేదా సీసీ' అని ఎంచుకుంటే ప్రోగ్రాం ఆ రెండు వరసలనే చూస్తుంది. బీసీసీ వంక కన్నెత్తి కూడా చూడదు. అదే జాబితాలో పంపినవారు, టు, సీసీ, బీసీసీ నాలుగూ కలిపి వెతికే ఎంపిక ఉంది. దాన్ని ఎంచుకుని, సెంట్ ఫోల్డర్ మీద వెతికితే, ఆ చిరునామాకు రహస్యంగా వెళ్లిన ఉత్తరాలన్నీ తేదీలతో సహా బయటపడతాయి. ఒక్కొక్క ఉత్తరాన్నీ తెరిచి చూసే శ్రమ తప్పుతుంది.

జీమెయిల్‌ను బ్రౌజర్‌లో వాడేవారికి పని ఇంకా తేలిక. పంపిన ఉత్తరం తెరిచి, పేరు కింద ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కితే వివరాల పెట్టెలో బీసీసీ వరస కనిపిస్తుంది. వెతకాలంటే వెతుకుడు గడిలో ఇంగ్లిషు అక్షరాల్లో బీసీసీ అని కొట్టి, ఖాళీ వదలకుండా కోలన్ పెట్టి, వెంటనే చిరునామా రాయాలి. ఇది పనిచేసేది మనం పంపిన ఉత్తరాల మీదే. మనకు ఎవరో బీసీసీలో పంపినవి ఈ పద్ధతిలో రావు. ఔట్‌లుక్‌లోనూ పంపిన ఉత్తరాన్ని తెరిస్తే పై భాగంలో బీసీసీ వరస ఉంటుంది, అదే తరహా కోలన్ వెతుకుడు కూడా ఉంది. మాక్ కంప్యూటర్లలోని మెయిల్ ప్రోగ్రాంలో హెడర్లన్నీ చూపమంటే సరిపోతుంది.

ఇంతవరకు సులువైన భాగం. ఉత్తరం తెరిచి, మూలరూపం చూసి, అందులోనూ బీసీసీ వరస లేకపోతే ఏమిటి? అప్పుడు అడగవలసిన ప్రశ్న, ఈ నకలును ఎవరు తయారు చేశారని. పంపిన ప్రోగ్రాం తానే నకలు దాచుకుంటే వరస ఉంటుంది. సర్వర్ నకలు తయారు చేస్తే అది తన చేతికి అందిన కాగితానికే నకలు చేస్తుంది. ఆ కాగితం మీద బీసీసీ వరసను ప్రోగ్రాం అప్పటికే తీసేసి ఉండవచ్చు. జీమెయిల్ ఖాతాను థండర్‌బర్డ్‌లో పెట్టుకుని పంపేవారికి ఈ చిక్కు ఎదురుకావచ్చు. జీమెయిల్ సర్వర్ గుండా పోయే ప్రతి ఉత్తరానికీ అది తనంతట తానే ఒక నకలు దాస్తుంది. ప్రోగ్రాం కూడా దాస్తే రెండు కనిపిస్తాయని, ప్రోగ్రాంలో నకలు దాచే ఏర్పాటును కొందరు ఆపేస్తారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది గాని, ఆ ఒక్క టిక్కు తీసేయడంతో రహస్య గ్రహీతల జాబితా రాసి ఉన్న కాగితమే లేకుండా పోవచ్చు. బీసీసీ మీద వ్యాపారం నడిపేవారు ఈ పొదుపుకు పోకూడదు. సెట్టింగు మార్చాక సొంత చిరునామాలు రెంటిని బీసీసీలో పెట్టి ఒక ఉత్తరం పంపి, నకలులో వరస మిగిలిందో లేదో చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

నకలు ఏ యంత్రంలో ఉందన్నది రెండో చిక్కు. పాత పద్ధతి అయిన పాప్ ఖాతాలో పంపిన ఉత్తరాల నకళ్లు ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి. సర్వర్ మీద ఉండవు. ఇంటి దగ్గర ల్యాప్‌టాప్ నుంచి పంపినది దుకాణం కంప్యూటర్‌లో కనిపించదు. ఐమ్యాప్ ఖాతాలో నకలు సర్వర్ మీది సెంట్ ఫోల్డర్‌లో చేరుతుంది కాబట్టి ఎక్కడ తెరిచినా కనిపిస్తుంది. కంప్యూటర్ పాతబడిందని అమ్మేసినప్పుడు, హార్డ్ డిస్క్ చెడిపోయినప్పుడు పాప్ ఖాతా వాడిన కార్యాలయం పోగొట్టుకునేది ఇదే. వచ్చిన ఉత్తరాలైతే పంపినవారిని మళ్లీ పంపమని అడగవచ్చు. బీసీసీ జాబితాను మళ్లీ పంపగలిగినవారు లోకంలో మరొకరు ఉండరు. ఔట్‌లుక్‌లో ఉమ్మడి ఖాతా పేరుతో పంపితే, విడిగా మార్పు చేయనంతవరకు నకలు పంపిన ఉద్యోగి సొంత సెంట్ ఫోల్డర్‌లో పడుతుంది. ఆ ఉద్యోగి మానేశాక ఉమ్మడి ఖాతాలో ఎంత వెతికినా దొరకదు.

గ్రూపు చిరునామా మరో మెలిక. నలభై చిరునామాలను సర్వర్ మీద ఒక గ్రూపుగా కట్టి, ఆ గ్రూపును బీసీసీలో పెడితే నకలులో ఉండేది గ్రూపు పేరొక్కటే. అది ఈనాడు తెరిస్తే ఈనాటి సభ్యులు కనిపిస్తారు. ఆ రోజు అందులో ఎవరున్నారో, తర్వాత ఎవరు చేరారో నకలు చెప్పదు. కొనుగోలుదారులు సీజను సీజనుకు మారే మిర్చి వ్యాపారంలో గ్రూపు మార్చిన ప్రతిసారీ పాత జాబితాను తేదీ వేసి విడిగా దాచుకోవడం తప్పదు.

నకలు లేనే లేదు, లేదా ఉన్నా అందులో వరస లేదు అనుకుందాం. అప్పుడు మిగిలేవి ఆనవాళ్లు. వాటిలో విలువైనది, తరచూ చదవకుండానే చెరిపేసేది, బట్వాడా కాలేదని సర్వర్ నుంచి తిరిగివచ్చే సందేశం. బీసీసీలో పెట్టిన చిరునామా తప్పైతే ఆ సందేశం పంపినవారి ఇన్‌బాక్స్‌కే వస్తుంది. అందులో ఆ చిరునామా పూర్తిగా ఉంటుంది. ఆ తేదీ చుట్టుపక్కల వచ్చిన జవాబులు, సెలవులో ఉన్నామని వచ్చే యాంత్రిక జవాబులు, చదివినట్లు రసీదులు కూడా ఒక్కొక్క పేరును బయటపెడతాయి. చిరునామా రాయబోతే ప్రోగ్రాం తానే పూరించడాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోకూడదు. మహా అయితే ఆ చిరునామాకు ఎప్పుడో ఒకసారి రాశారన్నంతవరకే అది చెబుతుంది, ఫలానా ఉత్తరం గురించి ఏమీ చెప్పదు.

వీటన్నిటి కంటే గట్టి ఆధారం సర్వర్ చిట్టా. కవరు మీది చిరునామాలు సర్వర్ చేతిలో పడతాయి కాబట్టి ప్రతి బట్వాడానూ అది రాసుకుంటుంది. పోస్ట్‌ఫిక్స్ వంటి సర్వర్ ఒక్కొక్క గ్రహీతకు ఒక్కొక్క వరస రాస్తుంది. ఆ చిట్టాలో 'టు'కూ బీసీసీకీ తేడా లేదు, అందరూ గ్రహీతలే. సొంత డొమైన్ ఉన్న కార్యాలయాలు తమ నిర్వాహకుడిని అడిగి దీన్ని తీయించవచ్చు. గడువు మాత్రం ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 365లో ఉత్తరాల జాడ తీసే సౌకర్యం 90 రోజుల వెనక్కి పనిచేస్తుంది. ఫిబ్రవరి మొదట్లో పంపిన రేట్ల పట్టీ గురించి మే నెల రెండో వారంలో గొడవ వస్తే ఆ తలుపు మూసుకుపోయినట్టే. ఉచిత జీమెయిల్ ఖాతాదారుకు ఇలాంటి చిట్టా చూసే వీలు లేదు.

అందుకున్నవారి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. తమ పేరు 'టు'లోనూ 'సీసీ'లోనూ లేకుండా ఉత్తరం వస్తే తాము బీసీసీలో ఉన్నామని ఊహించవచ్చు. గ్రూపు ద్వారానో, మరో ఖాతా నుంచి మళ్లింపు ద్వారానో వచ్చి ఉండే అవకాశం కూడా ఉంది. మూలరూపంలో సర్వర్లు వేసే ముద్రల్లో 'ఫలానా వారి కోసం' అని ఒక చిరునామా కనిపించినా అది సాధారణంగా తమదే అవుతుంది. ఒకే బట్వాడాలో పలువురు గ్రహీతలు ఉంటే ఆ పేర్లన్నీ ముద్రలో రాయవద్దని, బట్వాడా పద్ధతిని నిర్దేశించే ఆర్ఎఫ్‌సీ 5321 సర్వర్లకు స్పష్టంగా చెబుతుంది. బీసీసీలో ఉన్నవారు అందరికీ జవాబు అనే మీట నొక్కితే మాత్రం గుట్టు రట్టవుతుంది. వారి జవాబు 'టు', 'సీసీ'లలో ఉన్నవారందరికీ చేరి, రహస్య ప్రతి వెళ్లిన సంగతిని వారి చేతే చెప్పిస్తుంది. అందుకే రేట్ల పట్టీ పంపే గుమస్తా 'టు' గడిలో కొనుగోలుదారుల పేరు ఒక్కటి కూడా పెట్టకుండా సొంత చిరునామా వేయడం తెలివైన పని.

నకలు తెరిచి చూసుకోవడానికి గొడవలు వచ్చేదాకా ఆగనక్కరలేదు. పంపిన వెంటనే చూసుకోవడమే అసలైన ఉపయోగం. చిరునామాలు బీసీసీలోనే పడ్డాయా, పొరపాటున 'టు'లో, 'సీసీ'లో పడ్డాయా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఈ పొరపాటు చిన్నది కాదు. 2015 సెప్టెంబరులో లండన్‌లోని 56 డీన్ స్ట్రీట్ క్లినిక్, హెచ్ఐవీ సేవలు పొందుతున్నవారికి పంపే సమాచార లేఖను 781 మందికి ఒకరి చిరునామా మరొకరికి కనిపించేలా పంపింది. ఆ సంస్థకు 1,80,000 పౌండ్ల జరిమానా పడింది. 2021 సెప్టెంబరులో బ్రిటన్ రక్షణ శాఖ, ఆఫ్ఘనిస్తాన్ నుంచి తరలింపు కోరుకుంటున్న 245 మంది చిరునామాలను 'టు' గడిలో పెట్టింది. తాలిబన్ల చేతికి చిక్కితే ప్రాణాలకే ముప్పున్న మనుషుల జాబితా అది. 2023 డిసెంబరులో ఆ శాఖకు 3,50,000 పౌండ్ల జరిమానా విధించారు. విజయవాడలోని ఏ రోగ నిర్ధారణ కేంద్రమో, ఏ కోచింగ్ సంస్థో వందలమందికి ఒకే ఉత్తరం పంపేటప్పుడు గడి మారితే జరిగే హాని కూడా ఈ జాతికి చెందినదే. మొదటి ఉత్తరంలోనే తప్పు కనిపెడితే రెండోది ఆగుతుంది.

బీసీసీ వరస దొరికినంత మాత్రాన అన్నీ తేలిపోతాయని కూడా అనుకోకూడదు. ఆ వరస చెప్పేది ఎవరికి పంపమని కోరామో. చేరిందన్న హామీ అందులో లేదు. పైగా థండర్‌బర్డ్ ఉత్తరాలను మామూలు అక్షరాల ఫైలుగా దాస్తుంది. తెలిసినవారు దాన్ని తెరిచి ఒక పేరు చేర్చగలరు, తీసేయగలరు. అందువల్ల ఎదుటివారు ఒప్పుకోనప్పుడు పంపినవారి నకలు ఒక్కటే చూపితే అది బలహీనమైన వాదన. సర్వర్ చిట్టా కూడా జతపడితే బలం వస్తుంది. కోర్టు దాకా వెళితే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. పాత చట్టంలో 65బి సెక్షన్ కింద అడిగినదే ఇప్పుడు ఇక్కడికి వచ్చింది. తెర మీద కనిపించినదాన్ని ఫొటో తీసి ముద్రించి తెచ్చేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. దాచవలసింది ఉత్తరం మూలరూపాన్ని, ఫైలుగా.

మళ్లీ ఆ ఎగుమతి కార్యాలయం దగ్గరికి వస్తే, గుమస్తా చేయవలసిన పనులకు ఒక క్రమం ఉంది. ముందు ఆ తేదీ ఉత్తరాన్ని తెరిచి బీసీసీ వరసలో కొనుగోలుదారు చిరునామాను అక్షరం అక్షరం పోల్చాలి. అక్షరం ఒకటి తగ్గినా, డొమైన్ పేరులో అక్షరం మారినా అది మరొకరి చిరునామా. తర్వాత అదే రోజు, మరుసటి రోజు ఇన్‌బాక్స్‌లో బట్వాడా కాలేదన్న సందేశం ఉందేమో చూడాలి. అక్కడ లేకపోతే చెత్తబుట్ట ఫోల్డర్‌లో చూడాలి. రెంటిలోనూ ఏమీ లేకపోతే 90 రోజులు దాటకముందే నిర్వాహకుడి చేత చిట్టా తీయించాలి. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు. పని పల్చబడే ఆ రోజుల్లో సీజను మొత్తం సెంట్ ఫోల్డర్‌ను, ఆ ఏటి గ్రూపు సభ్యుల జాబితాతో కలిపి వేరే డిస్కులోకి ఎక్కించి, మీద సంవత్సరం రాసి, కోల్డ్ స్టోరేజీ రసీదులు పెట్టే బీరువాలోనే దాచవచ్చు.